ఏమీ పండని ఊరు

మా బుజిరిం ఊళ్ళో ఎవరినైనా సరే, ఈ ఏడు నీకు ధాన్యం ఎంతయిందని అడిగి చూడండి. గాదెలో కప్పు దాకా వరి కట్టలు పేర్చుకున్నవాడు కూడా మొహం వేలాడేసుకుని ఏమీ పండలేదనే అంటాడు. ఆ అనేవాడి చొక్కాకి నాలుగు చిరుగులుంటాయి. అవీ కావాలని ఉంచుకున్నవే. మాలో ధాన్యం ఎంత ఎక్కువుంటే అంత పాత చొక్కా వేసుకోవడం మర్యాద. ఉందని నోరు జారితే దిష్టి తగులుతుందట, ధాన్యానికి పురుగు పడుతుందట, చెప్పినవాడు మంచాన పడతాడట. పక్కింటివాళ్ళ సంగతి సరే, కట్టుకున్నవాళ్ళకే తెలియనివ్వరు. మొగుడి గాదె మొగుడిది, పెళ్ళాం గాదె పెళ్ళానిది. వానాకాలమంతా మొగుడి ధాన్యంతో ఇల్లు గడవాలి, వానలు వెళ్ళాక పెళ్ళాం ధాన్యంతో గడవాలి. ఒకరి గాదెలోకి ఒకరు తొంగి చూడకూడదు. నాకు పెళ్ళయి ముప్ఫై నాలుగేళ్ళయింది. మా ఆయన గాదె తలుపు బయటివైపు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

ఇలాంటి ఊరికి లెక్కలు రాసుకోవడానికి వచ్చాడు మకోదు సెక్. జిల్లాలో ఏ నేల ఎంత పండుతుందో, ఇంకా ఎంత పండించవచ్చో తేల్చమని ప్రభుత్వం పంపింది. మనిషిది ఉత్తరాన వేరుశనగ పండే ఇసక నేల. బురద అంటే చెప్పులకు అంటుకునేదని మాత్రమే తెలుసు. పైగా వచ్చింది మార్చి నెలలో. ఆ నెలలో మా పొలాలు చూడ్డానికి వచ్చేవాణ్ణి ఏమనాలో నాకు ఇప్పటికీ తోచదు.

మా మళ్ళన్నీ ఉప్పుటేరు పక్కనే. మడ చెట్లు కొట్టి, గట్లు వేసి, మా తాతల తాతలు చేసిన నేల అది. గట్లలో తాటి మొద్దులు తొలిచి చేసిన తూములుంటాయి. ఎండాకాలంలో వాటి బిరడాలు లాగేసి పోటు నీళ్ళు లోపలికి రానిస్తాం. ఉప్పుకి కలుపు చస్తుంది, నేల ఎండిపోయి పులిసిపోకుండా ఉంటుంది. తొలకరి పడగానే ఆ ఉప్పంతా వాననీటితో కడిగి అదే తూముల్లోంచి ఏట్లోకి తోలేసి, అప్పుడు నారు ఊడుస్తాం. ఇది మా ఊళ్ళో ముక్కు చీదుకోవడం రాని పిల్లలకు కూడా తెలుసు. సెక్ దొరగారు గట్టు మీద నుంచుని, మళ్ళలో సముద్రపు నీళ్ళు, వాటిలో పీతలు పరిగెత్తడం చూశారు. వంగి, వేలు ముంచి, నాలిక మీద పెట్టుకుని, ఉప్పు అని పుస్తకంలో రాసుకున్నారు. సముద్రం నీళ్ళు ఉప్పగా ఉంటాయని కనిపెట్టిన మొదటి మనిషి తానే అన్నంత గంభీరంగా రాసుకున్నారు.

ఆ తరవాత చావడిలో కూర్చుని మగాళ్ళను పంట అడిగాడు. ఊరి పెద్ద మా ఆయనే, ఆంబ్రాజ్ దియాత్తా. ముందు ఆయన్నే అడిగాడు. మా ఆయన తల వేలాడేసి ఏమీ పండలేదన్నాడు. పక్కనున్నవాడు అంతకన్నా దీనంగా అదే అన్నాడు. వరసగా అందరూ అదే. ఒకాయన అయితే పంట మాట వినగానే కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన గాదె గోడ లోపలి బరువుకి బీటలు వారిందని ఊరందరికీ తెలుసు. ఆడవాళ్ళ వంతు వచ్చినప్పుడు నేనూ అన్నాను, ఏమీ పండలేదని. ఊరిని తిట్టి నన్ను నేను వదిలిపెట్టుకోను. సెక్ మహా సంతోషించాడు. ఇంత తొందరగా పని అయిన ఊరు ఆయనకు ఇంకెక్కడా తగిలి ఉండదు. పెట్టిన చేపల పులుసు తిని, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

జూన్ మొదట్లో మా గట్ల మీద ఎర్ర గుడ్డ కట్టిన కర్రలు పాతారు. జిల్లా ఆఫీసు గోడకు పటం అతికించారని తెలిసి మా కుర్రకారు వెళ్ళి చూసొచ్చారు. జీడితోటలకు ఆకుపచ్చ, వేరుశనగకు గోధుమరంగు వేశారట. మా ఉప్పుటేరు పొడుగునా పసుపు రంగు. పసుపంటే పండని నేల. అక్కడ ఏటి మూతికి అడ్డంగా కట్ట కట్టి, రొయ్యల చెరువుల కంపెనీకి ఇస్తారు. ఏటి మూతి దగ్గర మొదటి నాలుగు మళ్ళు నావి. మా పుట్టింటివాళ్ళు పెళ్ళప్పుడు వాడుకోమని ఇచ్చినవి. నా గాదె నిండేది వాటితోనే. కట్ట కడితే మొదట పోయేవి అవి, ఆ వెనక ఊరంతా.

ఊరి మగాళ్ళు సభ పెట్టారు. సభ అంటే కల్లు కుండ మధ్యన పెట్టుకుని ప్రభుత్వాన్ని తిట్టడం. ఆ విద్యలో మావాళ్ళను మించినవాళ్ళు లేరు. వెళ్ళి మా నేల పండుతుందని చెప్పండయ్యా అన్నాను. ఎంత పండుతుందని చెప్పాలని ఒకడు అడిగాడు. నీకు ఎంతయిందో అది చెప్పు అన్నాను. వాడు కల్లు బుర్రలోకి చూస్తూ ఉండిపోయాడు. పక్కవాడు ముందు చెబితే తానూ చెప్పాలని ప్రతివాడూ కాచుక్కూచున్నాడు. కుండ ఖాళీ అయ్యేదాకా అలాగే కూర్చుని, రేపు మళ్ళీ కలుద్దామని లేచారు.

నేను మర్నాడు పొద్దున్నే బయలుదేరి జిల్లా ఆఫీసుకు వెళ్ళాను. రాజధాని డాకర్‌లో ఆరేళ్ళు ఇళ్ళల్లో పనిచేసినదాన్ని, ఈ ఉత్తరాది వాళ్ళతో వాళ్ళ భాషలో మాట్లాడగలను. సెక్ నన్ను కూర్చోమనకుండానే, మీ ఊరివాళ్ళు చెప్పిందే రాశానమ్మా అన్నాడు.

"మేం ఎప్పుడూ అలాగే అంటామయ్యా. పండినా అంటాం."

"అంటే ప్రభుత్వానికి అబద్ధం చెప్పారా?"

"అబద్ధమేంటి? మీ ఊళ్ళో ఎవరైనా ఇంట్లో బంగారం ఎంతుందో వీధిలో నిలబడి చెప్తారా? ఇదీ అంతే."

ఆయన నవ్వాడు. నవ్వేసి, పటం శుక్రవారం రాజధానికి వెళ్ళిపోతుందని చెప్పాడు. గురువారం ఒక్కపూట వస్తాడట. తన కళ్ళతో చూస్తే తప్ప రంగు మార్చడట. కాగితంలో ఊరి పెద్ద ఇంటికి ఒక గడి ఉందట, అందుకని ఊరి పెద్ద గాదె చూడాల్సిందేనట.

ఆ మాట ఇంట్లో చెబితే మా ఆయన నేనేదో తాగొచ్చినట్టు ఎగాదిగా చూశాడు. తన గాదెలో ఏముంది గనక చూపించడానికి అన్నాడు. ఎలకలు కూడా విసిగిపోయి పక్కింటికి వెళ్ళిపోయాయన్నాడు. ఉన్న నాలుగు కట్టలే చూపించు, నీ మళ్ళు కూడా పసుపు రంగులోనే ఉన్నాయి అన్నాను. లేకపోతే నవ్వులపాలవుతాం, ఉంటే దిష్టి తగులుతుంది, ఎటు తిరిగీ నాకే చేటు అన్నాడు.

నిజం చెప్పాలంటే, అందులో పెద్దగా ఏమీ ఉండదనే నేనూ అనుకున్నాను. పాతికేళ్ళ కిందట కరువు వచ్చిన ఏడు మా ఆయన ఆ గాదె ముందు నుంచుని, ఊడ్చి చూసినా గింజ లేదే అని నా చేతులు పట్టుకున్నాడు. పిల్లలు ముగ్గురు. పెద్దది ఒదిల్‌కి అప్పటికి ఏడేళ్ళు, చిన్నవాడు ఇంకా పాలు మరవలేదు. వాళ్ళను మా అత్తకు అప్పగించి నేను డాకర్ ఓడ ఎక్కాను. ఒక వ్యాపారి ఇంట్లో బట్టలుతికాను. ఆ ఇంటివాళ్ళు తినే బియ్యంలో నూకలు ఏరేవాళ్ళు. అలాంటి నూకలే బస్తాలు కొని ఓడలో ఊరికి పంపాను. మా ఆయన మంచివాడేనని, దరిద్రం ఆయన తప్పు కాదని ఓడ రేవులో నిలబడి ఎన్నిసార్లు అనుకున్నానో.

గురువారం సెక్ వచ్చాడు. ఊరంతా మా వాకిట్లో పోగయింది. మా ఆయన అరుగు మీద కూర్చుని గాదె తప్ప మిగతా అన్నిటివైపూ చూస్తున్నాడు. ఇక లాభం లేదని నేనే మా వంటింటి అటక మీది నా గాదె తలుపు తెరిచాను. ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. మా తోడికోడలైతే నేను బట్టలు విప్పి నిలబడినట్టు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. సెక్ పైకి ఎక్కి చూసి దిగాడు. ఇది ఒక ఇంటికి ఒక ఏడాది తిండి, దీన్నిబట్టి ఏం రాయను అన్నాడు. పుస్తకం మూస్తూ, తన డ్రైవరుతో అన్నట్టుగా అన్నాడు.

"ఊరి పెద్దే ఇంత దరిద్రుడైతే ఇక ఊరి సంగతి చెప్పేదేముంది. పెళ్ళాం తిండి తింటున్నాడు పాపం."

జన్మంతా దరిద్రుణ్ణని చెప్పుకు తిరిగినవాడు, చిరుగులు లెక్కపెట్టి తొడుక్కున్నవాడు, ఒక్కసారిగా అరుగు మీంచి లేచాడు. మెడ నల్లగా కందిపోయింది. చొక్కాలో చెయ్యి పెట్టి, మెడలో తాడుకు వేలాడుతున్న తాళం చెవి బయటికి లాగాడు. భూమి పోతుందంటే లేవని మనిషి, పెళ్ళాం బతిమాలితే కదలని మనిషి, ముక్కూ మొహం తెలియనివాడు దరిద్రుడంటే లేచాడు. మా మగాళ్ళ పౌరుషం ఎక్కడుంటుందో ఆ రోజు తెలిసింది.

"రావయ్యా, వచ్చి చూడు. చూసి నీ పుస్తకంలో పట్టినంత రాసుకో" అన్నాడు.

తలుపు తీస్తే పాత పొగ వాసన, వరి దుమ్ము వాసన కలిసి వాకిట్లోకి వచ్చాయి. కట్టలు నేల నుంచి కప్పు దాకా ఉన్నాయి. ఒక వరస వెనక ఇంకో వరస, దాని వెనక ఇంకోటి. సెక్ టోపీ తీసేశాడు. నన్ను ఎవరూ ఆపలేదు కాబట్టి నేనూ ఆయన వెనకే లోపలికి వెళ్ళాను.

ముందు వరసలు ఈమధ్యవే. పొగకు నల్లబడిన వెనక వరసల్లో వెన్నుకు పొడుగు ముళ్ళున్న ఎర్ర వరి కనిపించింది. ఆ రకానికి నాలుగు నెలల వాన కావాలి. కరువు వచ్చాక మా ఊళ్ళో మళ్ళీ ఎవరూ దాన్ని వెయ్యలేదు. ఆ కట్టలకు వేసిన ముడి నాదే. మా అమ్మ నేర్పినట్టు గడ్డిని రెండు చుట్లు తిప్పి లోపలికి దోపే ముడి, ఊళ్ళో ఇంకెవరూ అలా వెయ్యరు. నేను చిన్న కత్తితో ఒక్కొక్క వెన్నూ కోసి, నేనే కట్టి ఇచ్చిన వరి అది. కరువుకు ముందు కోసింది. ఊడ్చినా గింజ లేదని నా చేతులు పట్టుకున్న రోజున ఇదంతా ఇక్కడే ఉంది. నేను ఓడెక్కిన రోజూ ఉంది. నూకల బస్తాలు దిగిన ప్రతిసారీ ఉంది.

అడుగు నుంచి ఒక కట్ట లాగాను. నా వేళ్ళ మధ్య అది రాలిపోయింది. గింజల్లో గింజ లేదు. పురుగు తినేసిన పొట్టు, కింద బూడిద లాంటి పిండి. పక్క కట్ట నొక్కి చూశాను, అదీ అంతే. వెనక సగం గాదె అలాంటిదే. ఏ దిష్టీ తగలకుండానే పురుగు తన పని చేసుకుపోయింది. మా ఆయన గుమ్మంలో నుంచుని నా చేతినే చూస్తున్నాడు. ఆయనకు ముందే తెలుసని ఆ చూపే చెప్పింది.

సెక్ ఫొటోలు తీసి, వేలితో వరసలు లెక్కపెడుతున్నాడు. ఇటు తిరిగి, "అమ్మా, నీకు తెలుస్తుంది. ఈ వెనకవి బావున్నాయా? లెక్కలో వేసుకోనా?" అన్నాడు.

పిండి నా గుప్పిట్లో ఉంది. గుప్పిలి విప్పితే చాలు, మా ఆయన పెద్దరికం ఊరి ముందు మట్టిలో కలిసేది. నా నాలుగు మళ్ళూ దాంతోపాటే పోయేవి. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

"మంచి ధాన్యమయ్యా. మా నేల ఇలాగే పండుతుంది. అన్నీ వేసుకోండి" అన్నాను.

ఆయన వేసుకున్నాడు. ఇంత గొప్ప నేలను పసుపులో వేశానే అని తనను తాను తిట్టుకుంటూ, మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపి, జీపెక్కాడు. తరవాతి వారం ఎర్ర గుడ్డల కర్రలు పీక్కుపోయారు. ఏరు దక్కింది.

జీపు కదిలాక జనం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా ఇళ్ళకు పోయారు. మా ఆయన గాదె తలుపు వేసి, తాళం తిప్పి, చెవి మళ్ళీ చొక్కాలోకి జారవిడిచాడు. ఊరి కళ్ళన్నీ పడ్డాయి, నాకేమవుతుందో ఏమోనని గొణుక్కుంటున్నాడు. నేను కదలకపోవడం చూసి, ఏమిటే అలా చూస్తావన్నాడు. తిడతాననుకుని భుజాలు ముడుచుకున్నాడు. నాకు తిట్టాలని లేదు. ఒక్క సంగతి మాత్రం తెలుసుకోవాలనిపించింది.

"ఏవయ్యా, నేను డాకర్లో ఉండగా, ఓడ రాని వారాల్లో పిల్లలు ఆకలని ఏడ్చేవాళ్ళని మీ అమ్మ చెప్పేది. అప్పుడు కూడా ఆ తాళంచెవి నీ మెడలోనే ఉందా?"

ఆయన నా వైపు వింతగా చూశాడు. నేనేదో అర్థం పర్థం లేని ప్రశ్న అడిగినట్టు, చొక్కా మీంచే దాన్ని ఒకసారి తడిమి చూసుకున్నాడు.

"మెడలో కాకపోతే ఇంకెక్కడుంటుందే" అన్నాడు.