గోరు మందం

పెద్దసారు ఫోన్ పైకెత్తి పట్టుకుని, "చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసిపోతుంది" అన్నాడు. కొత్త ఫోన్ విడుదల సభకు రిహార్సల్ చూస్తూ హాల్లో కూర్చున్న నలభై మందీ చప్పట్లు కొట్టారు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ ఆకురాయికి కూడా తేడా తెలిసిపోయింది. ఆయన చేతిలో ఉన్నది పోయినేడాది ఫోను.

ఆకురాయి అన్నది అతని అసలు పేరు కాదు, ఇనుమును రుద్ది నునుపు చేసే పనిముట్టు పేరు. తోటివాళ్ళు ఆ పేరు పెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. జీతం కాగితం మీద తప్ప అసలు పేరు ఇంకెక్కడా వాడుకలో లేదు. అంత పెద్ద కంపెనీలో ఏ ఫోనైనా ఫ్యాక్టరీకి పోయేముందు దాని నమూనా ఇతని బల్ల మీద పుట్టాల్సిందే. పోయినేటి ఫోన్ అంచును పదకొండుసార్లు రుద్దిన చెయ్యి ఇతనిది. కన్నతల్లికి కవలల్లో ఎవరెవరో ఇంకొకరు చెప్పాలా? రిహార్సలే కదా అని ఎవరో డ్రాయర్లో చేతికందినది తీసి పళ్ళెంలో పెట్టి ఉంటారు.

ఎవరైనా చెబుతారేమోనని ఆగాడు. డిజైన్ పెద్దలు ముందు వరసలోనే ఉన్నారు. పన్నెండు నిమిషాలు గడిచాయి. పెద్దసారు ఆ పాత ఫోన్‌ను తిప్పితిప్పి చూపిస్తూ 'కొత్త' అన్న మాట ముప్పై సార్లు వాడాడు. ఆఖరికి ఆకురాయే చెయ్యెత్తాడు.

"సార్, అది పోయినేటిది."

పెద్దసారు ఫోన్‌ను ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత హాయిగా నవ్వాడు.

"చూశారా! మన డిజైన్ ఎంత నిలకడగా ఉందో!"

ఆయన నవ్వాడు కాబట్టి నలభై మందీ నవ్వారు. ఆయన తానా అంటే వీళ్ళు తందానా. దొరికిపోయినవాడు తల దించుకుంటే కొంత నయం. దొరికిపోవడాన్ని కూడా గొప్పగా చెప్పుకునేవాణ్ణి ఏం చేస్తాం?

కంపెనీ పెట్టిన ముసలాయన ఉన్నప్పుడు ఇలా ఉండేది కాదు. ఆయన చెప్పులు విడిచి వర్క్‌షాప్‌లోకి వచ్చి, ఎత్తు పీట మీద కూర్చుని, చేసినదాన్నల్లా నేలకేసి కొట్టి చూసేవాడు. నోరు మంచిది కాదు, బూతులు తిట్టేవాడు. కానీ మర్నాడు మళ్ళీ వచ్చేవాడు. ఆయన పోయాక కుర్చీ ఎక్కిన పెద్దసారుకు తెలిసిన విద్య ఒక్కటే, సన్నబరచడం. ఏటేటా ఫోన్ మందం గోరంత తగ్గాలి, ధర బెత్తెడు పెరగాలి. వర్క్‌షాప్‌లో ఆయనకు పల్చనయ్య అని పేరు. ఫోన్ ఒక్కటే పల్చనవుతోందా, కంపెనీ కూడా జనం కళ్ళలో పల్చనైపోతోందా అన్నది ఆ పేరు పెట్టినవాళ్ళ చమత్కారం.

ఆకురాయికి మాత్రం ఇది నవ్వులాట కాదు. అతని అక్క ముప్పై ఏళ్ళు బట్టలు కుట్టి బతికిన మనిషి. ఐదేళ్ళ కిందట కుడిచేతికి వణుకుడు జబ్బు వచ్చింది. సూదిలోకి దారం ఎక్కించడం మానేసింది, తర్వాత మిషనే అమ్మేసింది. ఫోన్ అద్దం మీద వేలు పెడితే ఆ వణుకులో ప్రతి అదురునూ ఫోన్ ఒక నొక్కుగా లెక్కేసుకుంటుంది. తమ్ముడికి చెయ్యబోతే గ్యాస్ కంపెనీకి పోతుంది. నోటితో చెబుదామంటే జబ్బుకు గొంతు కూడా సన్నగిల్లింది. 'అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి' అంటుంది ఫోను.

అందుకని ఆకురాయి ఒక బటన్ చేశాడు. బొటనవేలు కుదురుకునేలా చిన్న లోహపు గిన్నె, దాని కింద స్ప్రింగు. వణుకుకు ఒక లయ ఉంటుంది. కావాలని నొక్కే నొక్కుకు ఆ లయ ఉండదు. ఈ బటన్ వణుకును వదిలేసి నొక్కును మాత్రమే పట్టుకుంటుంది. నాలుగేళ్ళ కిందట కంపెనీ ఇంటివాళ్ళను రానిచ్చే శనివారం నాడు అక్కను తీసుకొచ్చి బల్ల ముందు కూర్చోబెట్టాడు. తీగలు వేలాడే డబ్బాకు బిగించిన ఆ బటన్ మీద ఆమె బొటనవేలు పెట్టి నొక్కింది. బల్లకు అటుపక్క అతని జేబులో ఫోన్ మోగింది.

"ఒరేయ్, నేనేరా" అంది ఎదురుగా కూర్చుని.

"చెప్పక్కా" అన్నాడు ఇతను.

రెండు మూరల దూరంలో కూర్చుని ఇద్దరూ పది నిమిషాలు ఫోన్లో మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ప్రతి నెలా ఆమెది ఒకటే ప్రశ్న. "అది ఫోన్లో వచ్చిందా?"

రాలేదు. పల్చనయ్య వచ్చాక ఏ కొత్త ఆలోచనకైనా ఒక దరఖాస్తు పెట్టాలి. అందులో ఆరో గడి తప్పనిసరి: 'ఇది ఇంతకుముందు ఎక్కడ విజయవంతంగా నడిచింది?' ఆకురాయి మొదటి ఏడు 'ఎక్కడా లేదు, అందుకే కొత్తది' అని రాశాడు. కంప్యూటర్ తీసుకోలేదు. రెండో ఏడు 'మా అక్క దగ్గర' అని రాశాడు. తీసుకుంది గానీ ఎవరూ చదవలేదు. మూడో ఏడు కాళ్ళావేళ్ళా పడి పెద్దసారు దాకా చేర్చాడు. ఆయన డబ్బాను వదిలేసి బటన్ ఒక్కదాన్నీ రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు.

"ఇది పెడితే ఫోన్ ఎంత లావవుతుంది?"

"గోరు మందం సార్."

"నేను వచ్చాక మందం ఒక్క ఏడాది కూడా పెరగలేదు" అన్నాడు. అదే జవాబు.

మూడు నెలల కిందట అక్క స్నానాల గదిలో జారి పడింది. ఫోన్ పక్కనే ఉంది. వేలు ఒకచోట పెడితే ఇంకోచోట నొక్కుతోంది. పొద్దున ఎనిమిదికి పడిన మనిషి, మధ్యాహ్నం పక్కింటామె తలుపు గడియ పగలగొట్టించి వచ్చేదాకా తడి నేల మీదే ఉంది. ఎముక విరగలేదు. కానీ ఆ రోజు నుంచీ ఆమె తలుపు గడియ వేసుకోవడం మానేసింది. దొంగల భయం కంటే ఆ నేల భయం ఎక్కువైంది.

ఆ రోజుల్లోనే పేపర్లకు కంపెనీ మీద అనుమానం వచ్చింది. ఈ కంపెనీ కొత్తదంటూ ఒకటి చేసి ఎన్నాళ్ళయిందని ఒకరు, ఉన్నదాన్నే రుద్ది అమ్ముతున్నారని ఇంకొకరు రాశారు. అప్పుడు ప్రచారం మేడమ్ పరుగెత్తుకుంటూ వర్క్‌షాప్‌కు వచ్చింది. ఆమె ఆ గడప తొక్కడం అదే మొదలు.

"మాకొక కథ కావాలండీ. మీ పాత దరఖాస్తు చదివాను. కన్నీళ్ళొచ్చాయి. మీ అక్కగారి చెయ్యి, మీ బటన్, దాంతో ప్రకటన తీద్దాం."

"బటన్ పెడతారా?"

"ప్రకటనలో ఉంటుంది."

"ఫోన్లో?"

"ప్రకటనలో చూపించాక ఫోన్లో పెట్టకుండా ఎలా ఉంటామండీ?"

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ సామెత ఇతనికి తెలియక కాదు. కానీ ఆశపడ్డవాడి బుద్ధి గడ్డి తింటుంది. జనం ముందు చూపిస్తే ఇక తప్పించుకోలేరనుకున్నాడు. బల్ల మీది డబ్బాను తుడిచి, తీగలు సర్ది, ఆమె చేతుల్లో పెట్టాడు. ఫోన్‌ను టేబుల్ మీద పెట్టి దాని అంచుకు బటన్ అతికిస్తామని, డబ్బాను టేబుల్ కింద పెట్టి తీగతో కలుపుతామని చెప్పారు.

రిహార్సల్ తర్వాత కొద్దిరోజులకే షూటింగు. ఆ రోజు అక్క ఇస్త్రీ బట్టలు కట్టుకుని, శాలువా కప్పుకుని తొమ్మిదింటికల్లా వచ్చి, మేడమ్ ఇచ్చిన ఒప్పందం కాగితం మీద సంతకం చేసింది. తెల్లగోడల గది, కళ్ళు మిరుమిట్లు గొలిపే లైట్లు. ఆమెను కిటికీ బొమ్మ గీసిన అట్ట ముందు కూర్చోబెట్టారు. డైరెక్టరు ఆమె చేతిని చాలాసేపు చూసి పెదవి విరిచాడు.

"వణుకు సరిపోవట్లేదు. మాత్ర వేసుకొచ్చారా?"

"వేసుకున్నాను బాబూ."

"మధ్యాహ్నంది కాసేపు ఆపుదామా?"

ఆకురాయి నోరు తెరవబోయాడు. అక్క కళ్ళతోనే వారించింది. "పోనీలేరా, ఒక్క పూటేగా. బటన్ వస్తుంది" అంది. మధ్యాహ్నం మాత్ర ఆగింది. రెండింటికి భుజం దాకా వణుకు పాకింది. డైరెక్టరు ముఖం విచ్చుకుంది. సరిగ్గా అప్పుడే పెద్దసారు కూడా వచ్చి, కెమెరా తీసేది కనబడే టీవీ తెర ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు నొక్కండమ్మా."

ఆమె నొక్కింది. ఫోన్ మోగలేదు. మళ్ళీ నొక్కింది. ఏడోసారికి నుదుటి మీద చెమట పట్టింది. కెమెరా పక్క నుంచి ఆకురాయి ముందుకు వంగి చూశాడు. టేబుల్ కింద డబ్బా లేదు. తీగ లేదు. పోయినేటి ఫోన్ పక్కన ఒక నల్ల ప్లాస్టిక్ మూత జిగురుతో అంటించి ఉంది. పైన పటారం, లోన లొటారం.

"డబ్బా ఏది?" అన్నాడు ప్రచారం మేడమ్ చెవిలో.

"తీగ అడ్డొస్తోందని తీసేశారు. మోగే చప్పుడు తర్వాత కలుపుతారు. ఏమీ అనకండి, ఆవిడ ముఖం చాలా బాగా వస్తోంది."

అక్క ఇతని వైపు తిరిగింది. ఆమె గొంతు మామూలుగానే సన్నం, ఇప్పుడు ఇంకా సన్నంగా వచ్చింది.

"ఒరేయ్ తమ్ముడూ, అప్పుడు మొదటిసారికే మోగింది కదరా. నాలుగేళ్ళలో జబ్బు దాన్ని కూడా దాటిపోయినట్టుంది. ఇంక దీనికీ లొంగదురా నా చెయ్యి."

అంతే. ముప్పై ఏళ్ళ నౌకరీ, సంతకం పెట్టిన కాగితాలు, వచ్చే ఏటి ఆశ, అన్నీ ఇతని కళ్ళ ముందు నుంచి పోయాయి.

"నీ చెయ్యి బాగానే ఉందక్కా! అది ఉత్త మూత. లోపల ఏమీ లేదు. వీళ్ళు పెట్టలేదు."

ఆమె మూతను బొటనగోరుతో గీకి చూసింది. జిగురు ఊడింది. పెద్దసారు వైపు చూసింది.

"ఎప్పుడు పెడతారు బాబూ?"

"మీలాంటివారే మాకు స్ఫూర్తి అమ్మా" అన్నాడు పెద్దసారు.

"నేనడిగింది అది కాదు. నేను ముప్పై ఏళ్ళు బట్టలు కుట్టాను. ఆలస్యమైతే అయిందని చెప్పాను, గుడ్డ చాలకపోతే చాలలేదని చెప్పాను. లోపల జేబు లేకుండా పైన మూత మాత్రం కుట్టి, ఇదిగో జేబని ఎవరికీ ఇవ్వలేదు."

కోపంతో ఆమె చెయ్యి ఆకులా ఊగిపోతోంది. డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు. "ఇదే! ఇదే కావాలి! తీస్తున్నారా? ఆపకండి!" పెద్దసారు ఆమె ముఖం చూడడం లేదు. తెర మీద ఆమె చెయ్యి చూస్తూ మెచ్చుకోలుగా తల ఊపుతున్నాడు.

రోత అంటే ఏమిటో ఆకురాయికి అప్పుడు తెలిసింది. ఒళ్ళంతా జిడ్డు పూసినట్టుంది. పోయి కెమెరా కంటికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. అక్క తన చేతిని శాలువాలోకి లాక్కుంది, మళ్ళీ బయటికి తియ్యలేదు. "ఈ చెయ్యి మీకివ్వను" అని లేచింది. ఆమె సంతకం చేసిన కాగితాన్ని ఆకురాయి మేడమ్ ఫైలులోంచి లాగి చింపాడు. గేటు దగ్గర కాపలా మనిషి ఇబ్బందిపడుతూ అతని గుర్తింపు కార్డు అడిగి తీసుకున్నాడు.

బస్టాపు బెంచీ మీద అక్కను కూర్చోబెట్టి మాత్ర వేశాడు, నీళ్ళ సీసా తనే పట్టుకుని తాగించాడు. కాసేపటికి వణుకు కొంచెం తగ్గింది.

"ఉద్యోగం పోయినట్టేనా?"

"పోయినట్టే."

"మరి ఆ డబ్బా?"

"అది వాళ్ళ దగ్గరే ఉంది."

"ఇంట్లో ఇంకోటి చెయ్యలేవా?"

"చెయ్యొచ్చు. సామాన్లు బజార్లో దొరికేవే. కానీ ఫోన్లో పట్టదక్కా. సన్నగా రావాలంటే వాళ్ళ ఫ్యాక్టరీ కావాలి. నేను చేస్తే ఇటుకంత అవుతుంది."

"అయితే?"

"ఇటుకంత అక్కా!"

"ఇటుకంతైతే నాకేం నొప్పిరా? ఒకటి మంచం పక్కన పెట్టుకుంటా, ఒకటి స్నానాల గదిలో పెట్టుకుంటా. జేబులో వేసుకుని ఊరేగుతానని నేనెప్పుడన్నా అడిగానా?"

అడగలేదు. ఒక్కనాడూ అడగలేదు. గోరు మందం దగ్గర బేరం తెగలేదని నాలుగేళ్ళుగా పల్చనయ్యను తిట్టుకుంటూ, జేబులో పట్టనిది ఫోనే కాదని తను కూడా నమ్మేశాడు. అక్క తడి నేల మీద పడి ఉన్న ఆ పూటంతా ఇటుకంత డబ్బా ఒకటి తన బల్ల మీద పనిచేస్తూనే ఉంది. పొద్దుటి నుంచీ వాళ్ళ మీద ఉన్న రోత మొత్తం ఇప్పుడు తన మీదికి తిరిగింది. ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"ఏడవకురా, అందరూ చూస్తున్నారు" అంది అక్క. "ఆ సామాన్లు దొరికే బజారు ఎక్కడ?"

"ఆరో స్టాపు" అన్నాడు. బస్సు రాగానే ఆమెను ముందు ఎక్కించి, వెనక తనూ ఎక్కాడు.