గరాజ్‌లో పొగమంచు, బల్ల మీద పలావు

"ప్రేమానందం గారూ! ఓ ప్రేమానందం గారూ! మళ్ళీ వదిలారండీ!"

వీధి చివర్నించి కేక. డాక్టర్ వెంకటేశ్వర రావు గారిది. రిటైరై ఏళ్ళు గడిచినా ఆయన గొంతు మాత్రం ఇంకా వార్డు ఈ చివర నిలబడి ఆ చివరి నర్సుని పిలిచే గొంతే. ఒక చేత్తో కరివేపాకు కుండీ పట్టుకుని, రెండో చెయ్యి ఊపుకుంటూ వచ్చేస్తున్నారు.

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న ప్రేమానందం గారు కత్తి అక్కడే పడేసి బయటికి పరిగెత్తారు. గరాజ్ తలుపు కింది సందులోంచి తెల్లటి పొగమంచు కారుతోంది. డ్రైవ్‌వే దిగి, రోడ్డు దాటి, ఎదురింటి చెత్త డబ్బాలని నడుము దాకా ముంచేసింది. ఎదురింటావిడ లైట్లు వేసుకుని కారు రివర్స్ చేసుకుని వెళ్ళిపోయింది. కెనడాలో నది ఒడ్డునున్న ఈ సార్నియాలో పొగమంచు మామూలే కదండీ. ఊరంతటికీ నది మీంచి వస్తుంది, ఈ వీధికి ప్రేమానందం గారి గరాజ్‌లోంచి వస్తుంది, అంతే తేడా.

"తలుపు కింద రబ్బరు పట్టీ వేయించండని ఎప్పట్నించి మొత్తుకుంటున్నానండీ?" అన్నారు డాక్టరు గారు, అంటూనే కరివేపాకు కుండీని పొగమంచు మధ్యలో జాగ్రత్తగా దింపుతూ. "నాకేం ఇబ్బంది లేదనుకోండి. ఈ మొక్క ఇది తాగే ఇంతయింది. ఇంతకీ భోజనం ఎన్నింటికి? మా ఆవిడ టొరంటోలో ఉంది. పొద్దుట్నించీ మీ ఇంటి మసాలా వాసన పీల్చుకుని బతుకుతున్నాను."

"అతిథి రావాలండీ," అన్నారు ప్రేమానందం గారు, నేలకేసి చూస్తూ.

ఆ అతిథి సంగతి చెప్పాలంటే ముందు గరాజ్ సంగతి చెప్పాలి.

ప్రేమానందం గారు పాలకొల్లు నుంచి వచ్చి ఈ ఊరి కెమికల్ ప్లాంటులో గ్యాస్‌ని నొక్కిపెట్టే కంప్రెసర్ మిషన్ల దగ్గరే జీవితమంతా పనిచేసిన మనిషి. తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. ఆయన కొడుకు షాలేమ్ రాజు పగలు టైర్ల షాపులో చేస్తాడు, రాత్రిళ్ళు ఇద్దరు స్నేహితులతో డౌన్‌టౌన్ అపార్ట్‌మెంట్‌లో సంగీతం చేస్తాడు, పాడేది వాడే. ఆ ముగ్గురూ కలిసి ఒక ఆల్బమ్ వేశారు. పేరు సాల్ట్ కేవర్న్స్. ఊరి అడుగున ఉప్పు తవ్విన గుహలున్నాయి చూడండి, ప్లాంట్లవాళ్ళు గ్యాస్ దాచుకునేవి, వాటి మీద పాటలు. గర్జించినట్టు పాడే ఆ రాక్ సంగీతం జాతి పేరు అట్మాస్ఫెరిక్ ప్రోగ్రెసివ్ డెత్ మెటల్ అట. అన్ని మాటల్లో పెద్దాయన చెవిన పడింది ఒక్కటే, డెత్. అట్ట మీద హెల్మెట్ పెట్టుకున్న అస్థిపంజరం. దాని కింద ఇంటిపేరుతో సహా కొడుకు పేరు!

ఆ రికార్డులు డౌన్‌టౌన్ షాపు కిటికీలోకి వచ్చాయని తెలిసిన రోజు ఆయనకి ముద్ద దిగలేదు. సంఘంలో ఎవరైనా చూస్తే? చర్చి అయ్యగారు చూస్తే? మర్నాడు ఉన్ని టోపీ కళ్ళ దాకా లాగి, మాస్కు పెట్టుకుని షాపుకి వెళ్ళి ఉన్నవన్నీ కొనేశారు. తెచ్చి గరాజ్‌లో స్నో టైర్ల వెనకాల దాచారు. ఆ సాయంత్రమే ఆ అట్టల్లోంచి మొదటి పొగమంచు లేచింది.

పీడ విరగడైందనుకున్నారు. ఎక్కడ విరగడవుతుందండీ? షాపాయన సరుకు అమ్ముడైపోయిందని మళ్ళీ తెప్పించాడు. ఈయన మళ్ళీ కొన్నారు. ఆయన మళ్ళీ తెప్పించాడు. సిగ్గుపడి కొన్నకొద్దీ సిగ్గు పెట్టెలు పెట్టెలుగా పెరిగింది. గరాజ్‌లోకి వెళ్ళినవాళ్ళకి ఆ పొగమంచులో రికార్డు మొదటి పాట నుంచీ వినపడుతుంది. అందుకని ఆయన తాళంచెవి ఎవరికీ ఇవ్వక, తనెప్పుడు లోపలికెళ్ళినా ప్లాంటువాళ్ళిచ్చిన ఇయర్ మఫ్స్ చెవులకి బిగించుకునే వెళ్ళేవారు. ఒక్క పాటయినా వినలేదు.

ఇంక కొడుకేమో ఆకాశంలో ఉన్నాడు. "డాడీ, ఈ ఊళ్ళో మాకొక లిజనర్ ఉన్నాడు! పెద్దాయనట, అసలు మాట్లాడడట, వచ్చి బాక్స్‌లకి బాక్స్‌లు పట్టుకుపోతాడట!" అని ఫోన్లో అరిచాడు. బ్యాండ్ మూసేద్దామనుకున్న స్నేహితులు కూడా ఆ ఒక్కడి కోసం ఆగారు. విండ్సర్‌లో ఒక మంచి హాల్లో వాయించమని పిలుపొచ్చింది. వెళ్ళాలా, ఇంతటితో చాలించాలా అని తర్జనభర్జన పడి, చివరికి షాలేమ్ ఒక మాటనుకున్నాడు. ఆ పెద్దాయన్ని ఇంటికి పిలిచి అమ్మ చేతి పలావు పెడదాం. ఆయన మా పాట గురించి రెండు ముక్కలు చెప్తే విండ్సర్ వెళ్తాం. రాకపోతే ఎవడో పిచ్చివాడు కొన్నాడనుకుని గిటార్లు అమ్మేస్తాం.

షాపాయన ఆ కబురు టోపీ పెద్దమనిషికి చేరవేశాడు. "శనివారం నీకు భోజనమట, ఇదిగో అడ్రస్," అని. తన ఇంటి అడ్రస్ తనకే చెప్తుంటే ప్రేమానందం గారు ఏం చేయాలో తోచక తల ఊపేశారు. ఆ ఊపే కొంప ముంచింది.

ఇదీ సంగతి. ఇప్పుడు బల్ల మీద పలావు, మటన్ కూర, పెరుగు చట్నీ అన్నీ మూతలు పెట్టుకుని కూర్చున్నాయి. పిలిచిన మనిషి రాకుండా ముద్ద ముట్టుకోవడం ప్రేమానందం గారి భార్య రూపవతి గారి ఇంట్లో లేదు. బల్ల తలవైపు, గౌరవంగా వదిలిన కుర్చీ అతిథిది. షాలేమ్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, నిమిషానికోసారి కిటికీ దగ్గరికి వెళ్ళొస్తున్నాడు.

"అన్నయ్యా, హి ఈజ్ నాట్ కమింగ్," అంది చెల్లెలు ఫెయిత్.

"నోర్ముయ్. ఫాగ్‌లో ఇల్లు దొరకట్లేదేమో."

"ఏవండీ, మీరేంటి అలా ఉన్నారు?" అన్నారు రూపవతి గారు మొగుణ్ణి చూసి. "వచ్చేది పెళ్ళివారైనట్టు ఆ చెమటలేంటి?"

"ఏం లేదు. వేడి."

"అక్టోబర్లో వేడా?"

డాక్టరు గారు మూత కొంచెం ఎత్తి వాసన చూసి మళ్ళీ పెట్టేశారు. "నా షుగర్ పడిపోతోందమ్మా. ఆ వచ్చేవాడెవడో మహానుభావుడు, త్వరగా వస్తే బావుణ్ణు."

"వస్తాడంకుల్," అన్నాడు షాలేమ్. గొంతులో ఇందాకటి ధీమా లేదు. "కొన్నాడు కదా. అన్నిసార్లు కొన్నవాడు రాకుండా ఎందుకుంటాడు?"

ప్రేమానందం గారికి ఆ మాట ముల్లులా దిగింది. అప్పటికే వంటింటి వైపు తలుపు సందులోంచి పొగమంచు లోపలికొచ్చి బల్ల కాళ్ళ చుట్టూ తిరుగుతోంది. ఫెయిత్ కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. "తలుపు బిగించి వస్తాను," అని ఆయన లేచి గరాజ్‌లోకి వెళ్ళిపోయారు. ఆ కంగారులో ఇయర్ మఫ్స్ మర్చిపోయారు.

లోపల తన చెయ్యి తనకే కనపడలేదు. ఉప్పు వాసన, తడిసిన ఇనుము వాసన. ఆ తెల్లదనంలోంచి ముందు గిటారొకటి చాలా నెమ్మదిగా, రేవు వదిలిన పడవలా కదిలింది. ఆయన చెవులు మూసుకోబోయారు. కానీ ఆ వెనకాల వచ్చే డ్రమ్ములు ఎక్కడో విన్నవి! రాత్రి షిఫ్టులో లోడు ఎక్కిన కంప్రెసర్ సరిగ్గా అలాగే కొట్టుకుంటుంది. చేతులు దిగిపోయాయి. ఆ తర్వాత గొంతు వచ్చింది. ఏ గొంతు గురించి సంఘం ముందు తలెత్తుకోలేననుకున్నారో ఆ గొంతు. నేల అడుగునుంచి తోడుకొచ్చినట్టు, పళ్ళు బిగించి, ఊపిరి ఆపి ఆపి వదులుతూ.

ప్రేమానందం గారు స్నో టైరు మీద కూలబడ్డారు.

అది ఆయన గొంతే. షాలేమ్ చిన్నప్పుడు, షిఫ్టు నుంచి ఆలస్యంగా వచ్చినప్పుడల్లా, "ఎందుకు లేటయింది డాడీ?" అని ఒళ్ళోకి ఎక్కేవాడు. "ఇవాళ మిషన్ ఏడ్చిందిరా," అని ఆయన గొంతు బొంగురు చేసి ఏడ్చి చూపించేవారు. వాడు కిలకిలా నవ్వి మళ్ళీ మళ్ళీ చేయమనేవాడు. ఆయన మర్చిపోయారు. వాడు మర్చిపోలేదు. ఆ ఏడుపు చుట్టూ ఇంత పెద్ద గుహ తవ్వి, అందులో దీపాలు పెట్టాడు. దాన్నా తను టైర్ల వెనకాల కుక్కింది? సంఘం చూస్తుందన్న సిగ్గు ఏ మూలకి పోయిందో గానీ, దాని చోట ఇంకో సిగ్గు వచ్చి కూర్చుంది. అది గుండె దాకా కాల్చింది. పాట వెనక పాట నడుస్తూనే ఉంది. ఆయన లేవలేదు.

ఎప్పటికో లేచి గరాజ్ పెద్ద తలుపు పైకంటా ఎత్తేశారు. పొగమంచు ఒక్కసారిగా వీధి మీద పడింది. కుక్కని తిప్పుతున్న కుర్రాడొకడు ఠక్కున ఆగి చెవొగ్గాడు. ప్రేమానందం గారు కొక్కేనికున్న టోపీ పెట్టుకుని, మాస్కు తగిలించుకుని, ఇంటి ముందుకి నడిచి తన ఇంటి బెల్లు తనే కొట్టారు.

షాలేమ్ పరిగెత్తుకొచ్చి తలుపు తీశాడు. "సర్! వెల్కమ్ సర్! థాంక్యూ సో మచ్..." చాచిన చెయ్యి గాల్లో ఆగిపోయింది. "డాడీ?"

"నేనేరా. షాపుకొచ్చిందీ నేనే, కొన్నదీ నేనే."

షాలేమ్ మొహం ఎంత వెలిగిపోయిందంటే, ఆ వెలుగు చూడలేక పెద్దాయన కళ్ళు దించుకున్నారు. "మీకు... మీకు నచ్చిందా?"

ఔనంటే సరిపోయేది. అంత చిన్న మాట. నోటిదాకా వచ్చింది కూడా.

"లేదు. సిగ్గేసి కొన్నాను. మనవాళ్ళెవరి కంటా పడకూడదని కొని, గరాజ్‌లో దాచాను. వినను కూడా వినలేదు."

ఆ వెలుగు ఆరిపోయింది. లోపల డాక్టరు గారు ఆవలించబోయి ఆపుకున్నారు.

"అయితే ఎవరూ లేరన్నమాట," అన్నాడు షాలేమ్ మెల్లగా. "మా పాట విన్నవాడు ఒక్కడూ లేడు."

"ఇందాకటి దాకా లేడు." ప్రేమానందం గారు మాస్కు తీసేశారు. మొహం తడిసిపోయి ఉంది. "ఇప్పుడే విన్నాను. మొత్తం విన్నాను. ఆ మిషన్ ఏడుపు నాదిరా. దాన్ని నువ్వింత చేశావు. ఇంత గొప్పది చేశావని ముందే తెలుసుకోలేని తండ్రిని, నన్నేం చేస్తావో చెయ్యి. కానీ ఒక్కటి చెప్పనా? మూడో పాట చివర తొందరపడ్డావు. అంత పెద్ద మిషన్ అంత త్వరగా ఆగదు. మూలిగి మూలిగి ఆగుతుంది."

షాలేమ్‌ది కోపమో ఏడుపో తేలని మొహం.

"అదే నేనూ చెప్పాను," అన్నాడు. "బ్యాండ్ వాళ్ళే కట్ చేయమన్నారు."

"వాళ్ళకేం తెలుసు! విండ్సర్‌లో పూర్తిగా వాయించు."

"విండ్సర్‌కి మా వ్యాన్ రాదు. బ్రేకులు పోయాయి."

"నేను డ్రైవ్ చేస్తాను."

"మీ కోపం పోయిందనుకోకండి... ఐ మీన్, నా కోపం."

"పోకపోతే దారంతా తిట్టు. రెండు గంటల దారి."

"ఆ తిట్లేవో తిన్నాక తిట్టుకోండి!" అని లోపల్నించి రూపవతి గారు కేకేశారు. ప్రేమానందం గారు తల దించుకుని గోడవైపున్న తన మామూలు కుర్చీలోకి వెళ్ళబోతుంటే, షాలేమ్ తలవైపున్న అతిథి కుర్చీ లాగి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కూర్చున్నారు. కూర్చోడానికి సిగ్గుతో చచ్చిపోయారు, అయినా కూర్చున్నారు.

"ప్రార్థన చేయండి," అన్నారు రూపవతి గారు.

"ఇవాళ నాకు నోరు రావట్లేదే."

"ఎవరో ఒకరు కానివ్వండమ్మా, లేకపోతే నేనే గోవిందా అనేస్తాను," అన్నారు డాక్టరు గారు. ఫెయిత్ ఫక్కున నవ్వి, కళ్ళు మూసుకుని, ఒక్క ముక్కలో ఇంగ్లీషులో కానిచ్చేసింది. ఆమెన్ అని అందరికన్నా ముందు అన్నది డాక్టరు గారే.

మూతలు లేచాయి. పలావు ఇంకా వెచ్చగానే ఉంది. షాలేమ్ గరిటె తీసుకుని ముందు తండ్రి పళ్ళెంలో వడ్డించాడు, అడుగునున్న మంచి ముక్క వెతికి మరీ. తర్వాత డాక్టరు గారికి, అమ్మకి, చెల్లెలికి. చివరికి తనూ వడ్డించుకుని, తండ్రి పక్క కుర్చీలో కూర్చున్నాడు.