రోగముందని రాయుండ్రి సార్

భూదవ్వకు ఏ రోగమూ లేదు. ఆమెకు వచ్చిన కష్టమల్లా అదే.

లింగంపేటలో ఉండే అక్క ఈరవ్వకు రెండేళ్లుగా వేళ్ల కీళ్లు వాచిపోయాయి. పొద్దున లేస్తే పిడికిలి ముడవడం కూడా రాదు. బీడీలు చుట్టి బతికే మనిషికి వేళ్లే పోతే ఇక మిగిలేదేముంది? పైగా ఇద్దరూ కవలలు. పక్కపక్కన నిలబడితే ఎవరెవరో చెప్పడం ఇప్పటికీ కష్టమే. చిన్నప్పుడు ఒకరికి జ్వరమొస్తే తల్లి ఇద్దరికీ కషాయం తాగించేది, ఇద్దరిదీ ఒకటే ఒళ్లని. ఆ లెక్కన ఎల్లారెడ్డి బడిలో పిల్లలకు వండిపెట్టే భూదవ్వ వేళ్లూ వాచాలి. వాచలేదు. నలభై ఏళ్లు దాటినా అంత పెద్ద గిన్నె గంజి ఒక్కతే వారుస్తుంది.

ఈ వింత ఈరవ్వ మొగుడు బాలనర్సయ్యకు మింగుడుపడలేదు. ఎరుక చెప్పే ఒకామె దగ్గరికి పోయాడు. ఆ మహాతల్లి బియ్యపు గింజలు అటూ ఇటూ జరిపి, చెల్లెలు మంత్రం వేసి తన వంతు రోగాన్ని కూడా అక్క మీదికి తోసిందని తేల్చేసింది. ఇక ఊళ్లో నోళ్లకు పని దొరికింది. ఆరు నెలలుగా భూదవ్వ ఎప్పుడొచ్చినా బాలనర్సయ్య వాకిట్లోనే అడ్డం నిలబడుతున్నాడు. మంత్రం మాత్రలకు లొంగదని ఈరవ్వ కామారెడ్డి డాక్టరు ఇచ్చిన మందులు కూడా మానేసింది. అక్క లేకుండా పండుగ పూట కూడా భూదవ్వకు ముద్ద దిగలేదు.

ఆలోచించి ఆలోచించి ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. తనకూ అదే రోగముందని కాగితం తెస్తే సరి, అందరి నోళ్లూ మూతపడతాయి. రెండువేల పన్నెండు వానాకాలంలో ఒక సోమవారం కామారెడ్డికి పోయి, అక్కను చూసిన డాక్టరు సుందర్ దగ్గరే పరీక్షకు రక్తం ఇచ్చింది.

"నీకేం లేదమ్మా, మంచిగున్నవ్" అన్నాడు డాక్టరు కాగితం చూసి.

"మంచిగుంటేనే తిప్పలు సార్. జర మల్లొక్కసారి సూడుండ్రి, యాడనో ఉంటది. ఉన్నదని రాయుండ్రి సార్."

లేని రోగాన్ని బతిమాలి అడిగే మనిషిని ఆయన అంతవరకూ చూడలేదు. సంగతంతా చెప్పించుకుని, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మీ ఇద్దరి ఇండ్లల్ల పొయ్యి ఒక్కతీరుదే అనుకో. ఆమెది అంటుకున్నది, నీది అంటుకోలేదు. పుట్టినప్పుడు ఇద్దరియి ఒక్కతీరు జన్యువులే. పెరిగినకొద్ది వాటి మీద గుర్తులు పడుతుంటయి. పొగాకు దుమ్ము, ఆకలి, మనసుల రంది, ఎన్నో ఉంటయి. ఆ గుర్తులను బట్టి కొన్ని జన్యువులు పనికి లేస్తయి, కొన్ని పండుకుంటయి. మీ అక్క ఒంట్ల కాపలా ఉండాల్సిన కణాలే ఆమె కీళ్ల మీద పడ్డయి. ఆ మంట, ఆ వాపు అదే."

"మరి ఎవలు అంటువెట్టిండ్రు సార్?"

"ఎవరూ పెట్టలే. ఇదొక్కటే కారణమని నేను కూడా గట్టిగ చెప్పలేను. అవునూ, మీరు చిన్నప్పటి నుంచి ఒక్కకాడ లేరా?"

భూదవ్వకు నవ్వొచ్చింది. ఎన్ని పెళ్లిళ్లలో చెప్పి ఎందరిని నవ్వించిన ముచ్చటో అది. ఆయనకూ చెప్పసాగింది. అయిదేళ్లప్పుడు పంటలు పోయాయి. పిల్లలు లేని చిన్నమ్మ ఎంకవ్వ పెద్దదాన్ని తాను పెంచుకుంటానని ఎల్లారెడ్డి నుంచి వచ్చింది. తల్లి కూలికి పోయి ఉంది. "మీల ఈరవ్వ ఎవలే?" అని చిన్నమ్మ అడిగితే భూదవ్వ "నేనే" అంది. చిన్నమ్మ ఆమెనే బస్సెక్కించి తీసుకుపోయింది. నాలుగు రోజులకు గుట్టు బయటపడితే, ఏదైతేనేం, రెండూ ఒకటేనని తల్లి ఊరుకుంది. చిన్నమ్మ ఇంట్లో రెండుపూటలా అన్నం. తల్లి దగ్గర ఈరవ్వ ఏడేళ్లకే బీడీలు చుడుతూ పొగాకు చాట ముందు కూర్చుంది.

ఎప్పుడూ నవ్వులు లేచే చోటికి వచ్చేసరికి భూదవ్వకు ఈసారి నవ్వు రాలేదు.  అక్కను తీసుకొస్తే మందులు మళ్లీ మొదలుపెడతానని డాక్టరు చెప్పాడు.

బస్సులో ఆమెకు అదే ఆలోచన. తాను మంత్రమేమీ వేయలేదు. వేయలేదు సరే, ఆనాడు "నేనే" అనకపోతే ఆ చాట ముందు కూర్చునేది తానే కదా? అప్పుడు ఈ వేళ్లు వాచేవా? వాచేవో లేదో డాక్టరే చెప్పలేనంటున్నాడు. తప్పు తనదే అనుకుందామంటే అయిదేళ్ల పిల్లకు ఏం తెలుస్తుంది? కాదనుకుందామంటే మనసు ఒప్పడం లేదు. నిర్దోషినని కాగితం తెచ్చుకుందామని పోయి ఏం తెచ్చుకుందో ఆమెకే అర్థం కాలేదు. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. లింగంపేటలో దిగిపోయింది.

అదృష్టం బాగుండి బాలనర్సయ్య చేనుకు పోయాడు. ఈరవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. భూదవ్వ ఎదురుగా కూలబడి డాక్టరు చెప్పింది తనకు అర్థమైనంత చెప్పింది.

"గట్లయితే ఇది ఎవలు చేసింది గాదా?" అంది ఈరవ్వ.

"గాదట అక్కా."

అక్క మొహం వికసిస్తుందనుకుంది భూదవ్వ. అది ఇంకా వాడిపోయింది.

"మంత్రమైతే ఇప్పేటోళ్లుంటరు గదనే. ఎవలు చెయ్యనిదాన్ని ఎవలిప్పుతరు?" ఈరవ్వ వంకరపోయిన వేళ్లతో చెల్లెలి చేయి పట్టుకోబోయింది. పట్టు దొరకలేదు. "నువ్వే చేసిన్నని ఒక్క మాట అను చెల్లే. నిన్నేమనను. ఇప్పితే సాలు."

 ఒప్పుకుంటే ఊరు ఊరుకోదు. ఒప్పుకోకపోతే అక్క మందు ముట్టదు. చెప్పబోయేది అబద్ధమో నిజమో భూదవ్వకే తెలియడం లేదు.

"నేనే చేసిన" అంది. "నేనే ఇప్పుత. రేపు మొదటి బస్సుకు నాతోని కామారెడ్డి రావాలె. ఆయనిచ్చే మాత్రలు నా చేత్తోనే ఏసుకోవాలె. గట్లయితేనే ఇడుస్తది."

ఈరవ్వ చిన్నపిల్లలా తలూపింది. 

"ఎందుకు చేసినవే?"

ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. భూదవ్వకు అయిదేళ్లప్పటి అసలు మాటే నోటికొచ్చింది.

"బస్సెక్కబుద్ధయింది అక్కా."