ఆకుపచ్చ చిలప

పొద్దున లేవగానే ఫిలెమోన్ ముసలాయన చేసే మొదటి పని జిగురు కుండ పొయ్యి మీద పెట్టడం. రాత్రి నానేసిన ఎద్దు తోలు ముక్కలు సన్నసెగ మీద కాగి, కర్రకి సాగుతూ అంటుకునే వేళకి దించుతాడు. ఆ తరువాత రాతి మీద రంగుపొడి నూరతాడు. ఎర్రమన్ను, పొయ్యిమసి, సున్నం, కొండమీద దొరికే ఆకుపచ్చ రాయి. పినోతెపా ఊరి చుట్టుపక్కల పండగ నాట్యానికి ముసుగు కావాలన్నా, గుళ్ళో పునీతుడి బొమ్మకి అంగీ రంగు వెలిసిపోయినా, ఎవరింట్లోనైనా శవపేటిక అవసరం పడినా ఆయన దగ్గరికే రావాలి.

"పుట్టినవాడి ఉయ్యాలకి రంగు, ఆడేవాడి ముసుగుకి రంగు, పోయినవాడి పెట్టెకి రంగు. నన్ను తప్పించుకుని ఎక్కడికి పోతార్రా?" అని నవ్వేవాడు.

వియ్యంకుడు తిబుర్సియో బతికున్నన్నాళ్ళూ ఆ మాట ఒప్పుకోలేదు. వాళ్ళది అద్దకం పనివాళ్ళ వంశం. నీలిమందు, ఎర్రరంగునిచ్చే పురుగు కూడా వాడతారు గానీ, వాళ్ళ గొప్పంతా నత్తపాలతోనే. చలికాలం రాగానే మగవాళ్ళు నూలు చిలపలు, చుట్టిన దారం కట్టలు, భుజాన వేసుకుని సముద్రానికి నడిచిపోతారు. పోటు తగ్గిన వేళ రాళ్ళని కరుచుకున్న నత్తల్ని పుల్లతో ఊడదీసి, మెల్లగా నొక్కి, పాలు నూలు మీద పిండి, నత్తని చంపకుండా మళ్ళీ రాతి నీడన పెట్టేస్తారు. పాలు మొదట తెల్లగా ఉంటాయి. గాలి తగిలితే పసుపై, ఆకుపచ్చై, ఎండ తగిలితే ఊదా రంగుకి తిరుగుతాయి.

"బావా, నీదీ ఒక రంగేనా? జిగురు పెట్టి అంటించిన మట్టి అది," అనేవాడు తిబుర్సియో. "గోరుతో గీకితే నీ పునీతుడు బోడి కర్ర అయిపోతాడు."

"నీది మాత్రం ఏం రంగోయ్, నత్త ఉచ్చ!"

"ఉచ్చో, పాలో, దారం లోపలికి దిగుతుంది. దారం వేరు, రంగు వేరు అని విడదియ్యలేవు. మా అమ్మ కట్టిన బట్ట నా కూతురు కడుతోంది. ఏట్లో ఎన్నిసార్లు బండకేసి బాదారో! ఆ రంగు పోవాలంటే బట్టనే తగలెయ్యాలి."

"అయితే కర్రకి పూయి చూద్దాం. గోడకి పూయి. దారం లేకపోతే నీ రంగుకి దిక్కే లేదు. నాదైతే దేని మీదైనా కూర్చుంటుంది."

తిబుర్సియో ఇంటి దూలానికి ఒక చిలప వేలాడేది. సగం ఊదా, సగం ఆకుపచ్చ. "ముందు మీ ఇంట్లో అద్దకం సరిగ్గా కుదుర్చుకో, తరువాత నాకు చెబుదువుగాని," అని ఫిలెమోన్ దాన్ని చూపించి మరీ వెక్కిరించేవాడు. తిబుర్సియో తన కుంటికాలు తడుముకుని నవ్వి ఊరుకునేవాడు. ఒక జ్వరాల కాలంలో ఆయన కన్నుమూశాడు. ఆయన పెట్టెకి కూడా ఫిలెమోనే రంగు వేశాడు, వేస్తూ ఏడ్చాడు.

అలాంటి చిలప అద్దకం చేసే ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. మొదటిసారి తీరానికి వెళ్ళినవాడు మొదటి నత్త పాలు పట్టిన చిలపని ఆకులో చుట్టి ఇంటికి తెస్తాడు. దాన్ని దూలానికి కడతారు. ఇంక అది ఆ మనిషిది. ఎన్నేళ్ళయినా ఆకుపచ్చగానే ఉండి, అతను పోయిన రోజున ఊదా అవుతుంది. మొగుడు తీరంలో ఉన్న ఆడది పొద్దున్నే ముందు దూలం వైపు చూసుకుని, తరువాతే పొయ్యి రాజేస్తుంది. చిలపని మాత్రం ఎవరూ తాకరు. తాకితే అవతల మనిషికి నలత చేస్తుంది.

ఫిలెమోన్ కొడుకు ఎలాదియో తిబుర్సియో కూతురు ఒతీలియాని చేసుకుని, మామగారి పనే నేర్చుకున్నాడు. ముసుగులు చెక్కే ఇంటికి కూడా అలా ఒక చిలప వచ్చింది. ఫిలెమోన్‌కి దాని సంగతి చెవిన పడినంత మటుకే తెలుసు. ఆకుపచ్చ అంటే ప్రాణం, ఊదా అంటే చావు. అంతకుమించి అడిగి తెలుసుకోవడం ఆయనకి చిన్నతనం.

ఆ చలికాలం ఎలాదియో తీరానికి వెళ్ళేటప్పటికి ఒతీలియా నిండు చూలాలు. అంతకుముందు రెండు కాన్పులు పోయాయి. ఒకరోజు తెల్లారుతుండగా ఫిలెమోన్ జిగురు కుండ తీసుకుంటూ అలవాటుగా తల ఎత్తాడు. చిలప కొసన బెత్తెడు మేర ఊదా తిరిగి ఉంది.

ఆయన అరవబోయి నోరు నొక్కుకున్నాడు. చాప మీద కోడలు కడుపు మీద చెయ్యేసుకుని నిద్రపోతోంది. అయిపోయింది, నా కొడుకు పోయాడు, ఇప్పుడు ఇది లేచి చూస్తే ఆ బిడ్డ కూడా పోతుంది అనుకున్నాడు. నిజం చెప్పాలంటే ఇంకొకటి కూడా అనుకున్నాడు. మొగుడు పోయిన పిల్ల పుట్టింటికి వెళ్ళిపోవడం ఆ ఊరి ఆచారం. తన భార్య పోయి చాలా కాలమైంది. ఈ కోడలు కూడా వెళ్ళిపోతే ఆ ఇంట్లో ఆయనా, ముసుగులూ మిగులుతారు.

జిగురు వెచ్చబెట్టాడు. ఆకుపచ్చ రాయి మెత్తగా నూరి కలిపాడు. పీట ఎక్కి, తాకకూడనిదాన్ని తాకాడు. కొస మాత్రం పూస్తే అతుకు తెలిసిపోతుందని పైనుంచి కిందదాకా చిలప మొత్తం పూసేశాడు. చెయ్యి వణకలేదు. యాభై ఏళ్ళుగా పునీతుల కళ్ళు దిద్దిన చెయ్యి అది. దారం బిరుసెక్కింది గానీ, ఎవరు తాకి చూడొచ్చారు? ఒతీలియా లేచి, దూలం వైపు చూసి, దణ్ణం పెట్టుకుని పొయ్యి రాజేసింది. బిడ్డ పుట్టేదాకా చాలు, అనుకున్నాడు ఫిలెమోన్.

వారం తిరక్కుండానే నికనోర్ వచ్చాడు. ఎలాదియోతో కలిసి తీరానికి వెళ్ళినవాడు. భుజాన తాళ్ళ చుట్ట ఉంది, మనిషి పీక్కుపోయి ఉన్నాడు.

"పెద్దయ్యా, మావాడు ఒక్కడే అవతలి రాళ్ళ మీదకి వెళ్ళాడు. మళ్ళీ కనపళ్ళేదు. అటంతా గుహలు, పడవ లేకపోతే దిగలేం. పడవ మాట్లాడుకుని, తాళ్ళు పట్టుకుని మళ్ళీ వెళదామని వచ్చాం. ముందు చెప్పు, చిలప ఎలా ఉంది?"

ఫిలెమోన్ చెయ్యెత్తి దూలం వైపు చూపించాడు. నికనోర్ చాలాసేపు చూశాడు, మొహం విచ్చుకుంది.

"చిగురాకులా ఉంది కదయ్యా! వెధవ, మమ్మల్ని చంపుకు తిన్నాడు. ఏ జాలర్లతోనో పోయి తాగి పడుంటాడు. రానీ, వీపు చీరేస్తాను."

తాళ్ళు దించి గోడకి ఆనించాడు. ఫిలెమోన్ ఆ తాళ్ళ వైపు చూశాడు. శవం కోసం ఇంకో నలుగుర్ని గుహల్లోకి పంపడం దేనికి అని తనకి తను చెప్పుకున్నాడు.

ఆడపిల్ల పుట్టింది. ఇనేస్ అని పేరు పెట్టారు. ఎలాదియో రాలేదు, అయినా చిలప పచ్చగా ఉంది కదా, ఎక్కడో పనిలో చిక్కుకుని ఉంటాడు, వస్తాడులే అనుకున్నారు ఊళ్ళో. ఇప్పుడు చెబితే తల్లికి పాలు ఇంకిపోతాయి అనుకున్నాడు ఫిలెమోన్. పాలు మానేశాక పిల్లకి దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక పండగొచ్చింది. అబద్ధానికి కారణం దొరక్కపోవడం ఎప్పుడైనా ఉందా? పూత పొగకి ఎండి పెచ్చులు లేచేది. ఒతీలియా ఏటికి వెళ్ళినప్పుడల్లా నేల మీద రాలిన ఆకుపచ్చ పొడి ఊడ్చి, పీట ఎక్కి మళ్ళీ పూసేవాడు. భార్య పోయిన కుమ్మరి ఒకడు మంచివాడే, పెళ్ళి కబురు పంపితే ఒతీలియా తిరగ్గొట్టింది. "దూలాన పచ్చటి చిలప పెట్టుకుని ఇంకొకడి చాప ఎక్కుతానా? సిగ్గులేదూ?" అంది. ఫిలెమోన్ ముసుగు చెక్కుతున్నవాడల్లా ఉలి కింద పెట్టేశాడు.

అన్నిటికంటే చచ్చినవాళ్ళ పండగ ఆయన్ని కోసేసేది. బంతిపూలు కట్టి, మొక్కజొన్న పిండి ఆకులో చుట్టి ఉడికించిన తమాలెలు, చాక్లెట్టు, రొట్టె పెడితే పోయినవాళ్ళు వచ్చి తిని వెళతారు. ఒతీలియా తన తండ్రికి పెట్టేది, అత్తగారికి పెట్టేది. బతికున్నవాడికి పెట్టరు కదా. అందరూ పడుకున్నాక ఫిలెమోన్ ఒక తమాలె తీసుకెళ్ళి రంగుకుండల వెనక పెట్టి, "తినరా నాయనా, ఎవరికీ చెప్పకుండా తిని వెళ్ళు," అని ఏడ్చేవాడు. పిలవని తిండికి పోయినవాళ్ళు రారని ఆయనకీ తెలుసు.

మూడో ఏడు పండగ ముందు గాలివాన కొట్టింది. కప్పు గడ్డి లేచిపోయింది. తెల్లారాక ఒతీలియా మగ్గం దగ్గరికి వెళ్ళి అక్కడే నిలబడిపోయింది. తెల్లటి పడుగు మీద ఆకుపచ్చ చారలు.

"మామా, ఇలా రా."

ఆయన వచ్చాడు. పైనుంచి ఇంకో చుక్క పడింది.

"అద్దకం కారదు మామా. కారేది పూత," అంది ఒతీలియా. గొంతు పెంచలేదు.

ముసలాయన నేల మీద కూలబడ్డాడు. "బిడ్డ పోతుందని భయపడ్డానే తల్లీ. నువ్వెళ్ళిపోతావని భయపడ్డాను. చంపెయ్యి నన్ను." చెప్పాల్సినదంతా ఏడుస్తూ చెప్పాడు.

ఒతీలియా పీట ఎక్కి చిలప దించింది. కట్టెపుల్లలా బిరుసుగా ఉంది. గోరువెచ్చటి నీళ్ళలో వేసి మెల్లగా పిసికింది. జిగురు కరిగి, ఆకుపచ్చ పొడి విడిపోయి మట్టిలా అడుక్కి దిగింది. నీళ్ళు వంచేసి మళ్ళీ పోసింది. మూడో నీళ్ళకి చిలప తేటపడింది. కొసన బెత్తెడు ఊదా. మిగతాదంతా ఆకుపచ్చ, రాతి ఆకుపచ్చ కాదు, నత్తపాల ఆకుపచ్చ.

"నువ్వు పూసిన పొద్దున ఎంత మేర తిరిగింది?"

"అంతే. బెత్తెడు."

ఆమె పిచ్చిదానిలా ఆయన వైపు చూసింది. "బెత్తెడు అంటే దెబ్బ తగిలిందని మామా! చావు కాదు! చావైతే ముడిదాకా తిరుగుతుంది. మా నాన్న కాలు విరిగి రాళ్ళలో పడున్నప్పుడు సగందాకా వచ్చి ఆగింది. మా అమ్మ మనుషుల్ని పంపితే మోసుకొచ్చారు. ఆ చిలప నువ్వు చూశావు కదా. ఇంటికొచ్చినప్పుడల్లా వెక్కిరించావు కదా!"

ఫిలెమోన్‌కి గోడకి ఆనించిన తాళ్ళు కళ్ళముందు కదిలాయి.

"పచ్చగానే ఉంది. ఇంకా ఉన్నాడు," అంటూ ఒతీలియా చిలపని వాకిట్లోకి పట్టుకెళ్ళి ఎండలో కంచె మీద ఆరేసింది. నవ్వుతోంది, ఏడుస్తోంది. "నికనోర్‌ని పిలుస్తా. ఇవాళే వెళతారు. నడవలేక ఎక్కడో పడుంటాడు, ఎవరో అన్నం పెడుతూ ఉంటారు..."

వీధి గుమ్మం దాటబోతూ ఒకసారి వెనక్కి చూసింది. ఊదా బెత్తెడు దాటి పైకి పాకుతోంది.

ఇద్దరూ కంచె దగ్గర నిలబడ్డారు. జిగురు కింద గాలాడక ఆ చిలప ఆనాటి పొద్దు దగ్గరే ఆగిపోయింది. ఆ తరువాత జరిగినదంతా ఇప్పుడు చెబుతోంది. సగం దాటింది. ఒతీలియా రెండు చేతులా చిలపని మూసి పట్టుకుంది, గాలి తగలకుండా. వేళ్ళ సందుల్లోంచి కూడా ఊదా ఎక్కింది. ముడి దగ్గర కాసేపు పచ్చటి గీత మిగిలి, అది కూడా పోయింది.

"ఎప్పుడే అమ్మా?" అన్నాడు ముసలాయన. "ఎప్పుడు పోయాడు?"

"నీ జిగురుని అడుగు."

కబురు తెలిసి నికనోర్ వచ్చాడు. టోపీ తీసి, "ఎప్పుడు తిరిగింది?" అని అడిగాడు.

"ఈ పొద్దున," అంది ఒతీలియా.

"అయ్యో! ఇన్నాళ్ళూ బతికే ఉన్నాడా? వెతకాల్సింది మేము. తాళ్ళు కూడా తెచ్చుకుని..." నికనోర్ తల బాదుకున్నాడు.

ఒతీలియా మామ వైపు చూసింది. ఫిలెమోన్ లేచి నిలబడ్డాడు. "తల బాదుకోకురా. ఆ రోజు నువ్వు చూసింది నా పూత," అన్నాడు. నికనోర్‌కి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది.

శవం దొరకనివాడికి చిలపనే పూడుస్తారు. "పెట్టె చెయ్యి మామా," అంది ఒతీలియా. "రంగు మాత్రం వెయ్యకు."

ఊరందరి పెట్టెలకీ రంగు వేసినవాడు కొడుకు పెట్టెని బోడి కర్రగా మోసుకెళ్ళాడు. పండగనాడు ఒతీలియా బంతిపూల మధ్య ఎలాదియోకి పళ్ళెం పెట్టింది, ఒకటి కాదు, మూడేళ్ళవీ మూడు పళ్ళేలు. మర్నాడు ఇనేస్‌ని వీపుకి కట్టుకుని, మగ్గం కర్రలు చంకన పెట్టుకుని పుట్టింటికి బయల్దేరింది. గుమ్మం దగ్గర ఆగింది.

"పొయ్యి మీద తమాలెలున్నాయి. చల్లారకముందే తిను."

ఆయన తల ఊపాడు. ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చి, పళ్ళేల ముందు కూర్చున్నాడు. కొడుకు తిన్నాడో లేదో ఆయనకి తెలియలేదు.