సెలైన్ గొట్టాల చేపలు

“ఒక్క సంచీడు గొట్టాలు తెచ్చిపెడితే నీ ఉద్యోగం ఊడిపోతుందా ఏమిటి?” అని సువార్తమ్మ మళ్ళీ అనేసరికి, పెర్సిస్ ఇడ్లీరేకులు తోమడం ఆపి అత్తగారి వైపు తిరిగింది.

“ఊడినా ఊడుతుందండి. అయినా సంగతి అది కాదత్తయ్యా.”

“మరేది సంగతి? నిరుడు నువ్వేగా తెచ్చావు? నిరుడు లేని రోగం వాటికి ఇప్పుడొచ్చిందా?”

“రోగం నిరుడూ ఉంది. నాకే బుద్ధి లేదు. ఇప్పుడు హాస్పిటల్లో నర్సు పనితోపాటు చెత్త బాధ్యత కూడా నాకిచ్చారు. వాడిన ప్రతి సెలైన్ గొట్టాన్నీ కత్తిరించి ఎర్ర సంచిలో వెయ్యండని అందరికీ చెప్పేదాన్ని నేను. ఆ గొట్టాలు నేనే ఇంటికి మోసుకొస్తే ఇంక నా మాటెవరు వింటారు?”

“చెత్త తగ్గించమనేది మీరే. పారేసేదాంతో నేను చేప అల్లితే చెత్త తగ్గినట్టు కాదూ? పైగా ఉడకబెట్టి మరీ అల్లుతున్నాను.”

“ఉడకబెట్టిన నీళ్ళు ఎక్కడ పోస్తున్నారు? వీధి కాలవలోకి. ఆ కాలవ పోయేది మీ పుట్టింటి కొల్లేట్లోకే.”

వసారాలో పేపరు చదువుతున్న రాజరత్నం మాస్టారు గొంతు కలిపారు. “ఈ ఇంట్లో వండిన చేపలకంటే అల్లిన చేపలే ఎక్కువైపోయాయి. పులుసు పెట్టి ఎన్నాళ్ళయిందో!”

“మీరూరుకోండి. ఆ స్కూటరు తాళానికి వేలాడేది ఎవరి చేప?” అంది సువార్తమ్మ.

ఆయన పేపరు వెనక్కి వెళ్ళిపోయారు.

ఆ చేపే మొదటిది. ఆయన టైఫాయిడ్‌తో పెర్సిస్ పనిచేసే ఏలూరు హాస్పిటల్లో పడుకున్నప్పుడు, పక్కమంచం రోగి భార్య ఖాళీ గొట్టాన్ని కోసి చేప అల్లుతుంటే చూసి సువార్తమ్మ నేర్చుకుంది. కొల్లేటి లంకలో వలలు అల్లుతూ పెరిగిన చేతులాయె, ఒక్క రోజులో పట్టుబడింది. పొలుసుల్లా మెలికలు, విసనకర్రలా తోక, కళ్ళకి రెండు నల్లపూసలు. చర్చిలో చిన్నపిల్లలు ఎగబడ్డారు, తర్వాత పెద్దవాళ్ళూ అడిగారు. క్రిస్మస్ సేల్‌లో స్త్రీల సమాజం ఆమెకి విడిగా బల్ల వేసింది. అంతదాకా ఆవిడ మాస్టారి భార్య, ఏసుకుమార్ తల్లి. ఆ బల్ల వేశాక సువార్తమ్మగారు అయింది. ఈసారి ఆ బల్ల ఖాళీగా ఉండడమంటే ఆవిడకి ప్రాణం మీదికొచ్చినట్టే ఉంది.

కోడలు కాదంది. సువార్తమ్మ దీనమ్మకి ఫోన్ చేసింది.

దీనమ్మ ఆ హాస్పిటల్లోనే ఆయా. దెందులూరు నుంచి బస్సులో వచ్చి పోతుంది. మాస్టారు జ్వరంతో ఉన్నన్నాళ్ళూ సొంత అన్నకి చేసినట్టు చేసింది. “మీరు నోరు తెరిచి అడిగితే కాదంటానా అండీ! మీ కోడలుగారి కంట పడకుండా ఇస్తాను,” అంది. ఒకసారి సంచితో తెచ్చి బస్టాండు దగ్గర ఇచ్చింది కూడా. రెండోసారి తెస్తానన్న రోజున రాలేదు, ఫోనూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం పెర్సిస్ డ్యూటీ నుంచి వచ్చి కాఫీ కూడా తాగకుండా కుర్చీలో కూలబడింది.

“ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?” అన్నారు మాస్టారు.

“నాకేం లేదు మావయ్యా. మా ఆయా దీనమ్మకి సూది గుచ్చుకుంది. మూతి కట్టేసిన ఎర్ర సంచి విప్పి లోపల చెయ్యి పెట్టింది. సూదులు తెల్ల డబ్బాలో వెయ్యాలి, ఎవరో నిర్లక్ష్యంగా అందులో పడేశారు. ఏ రోగిదో తెలీదు. రోగమేదీ అంటకుండా మందులు మొదలుపెట్టారు. రక్తం మళ్ళీ మళ్ళీ పరీక్ష చెయ్యాలి. ఎందుకు విప్పావే అంటే నోరు మెదపదు. పనిలోంచి తీసేస్తామంటున్నారు.”

పప్పు గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డ సువార్తమ్మ అక్కడే ఉండిపోయింది. ‘నాకోసం’ అనే మాట నాలిక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. సేల్ బల్ల, దాని ముందు మూగే జనం, అన్నీ కళ్ళముందు మెదిలాయి.

మర్నాడు పొద్దున్నే కూరగాయలకని చెప్పి దెందులూరు బస్సెక్కింది.

దీనమ్మ అరుగు మీద గోడకి చేరగిలబడి ఉంది. మందులు పడక వాంతులు. చేతికి చిన్న ప్లాస్టరు, అంతే. ఆవిణ్ణి చూడగానే లేవబోయింది.

“మీ పేరు చెప్పలేదండీ. చచ్చినా చెప్పను.”

“ఎందుకు చెప్పలేదే?”

“పెర్సిస్ మేడమ్ పరువు పోతుంది కదండీ. మా అందరికీ అన్నేసి మాటలు చెప్పి, వాళ్ళ ఇంట్లోవాళ్ళే ఇలా చేయించారంటే...” దీనమ్మ నవ్వబోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “ఈసారి గొట్టాలు మాంచి పొడుగువి దొరికాయండి. మీరు మురిసిపోతారనుకున్నాను.”

సువార్తమ్మ ఆమెకి గంజి కాచి ఇచ్చి, తాగేదాకా కూర్చుని బస్సెక్కింది. కూరగాయల సంచి ఖాళీగానే ఇంటికొచ్చింది.

ఆ రాత్రి అందరూ భోజనాలకి కూర్చున్నారు. తాడేపల్లిగూడెం రైసుమిల్లులో లెక్కలు చూసే ఏసుకుమార్ రైలు దిగి అప్పుడే వచ్చాడు. మనవరాలు ప్రీతి పెరుగన్నంలో ఊరగాయ కలుపుతోంది. సువార్తమ్మ మంచం కిందనుంచి రేకుపెట్టె లాక్కొచ్చి పీట పక్కన పెట్టింది. అందులో అల్లినవీ అల్లాల్సినవీ ఉన్నాయి.

“ఏవండీ, తాళాలివ్వండి,” అంది మాస్టారితో.

ఆయన తాళం ఉంచుకుని చేపని విప్పి ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని కాసేపు చూసి పెట్టెలో వేసింది.

“దీనమ్మ చేత సంచి విప్పించింది నేను,” అంది.

పెర్సిస్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఏసుకుమార్ ముందుగా తేరుకున్నాడు. “ఊరుకోమ్మా! ఇది బయటికొస్తే పెర్సిస్ ఉద్యోగానికి మాట వస్తుంది. చర్చిలో నలుగురూ ఏమనుకుంటారు?”

“బస్సులో వచ్చినంతసేపూ నేనూ అదే ఆలోచించానురా. దీనమ్మా ఆలోచించింది, అందుకే నోరు కట్టుకుని కూర్చుంది.” ఆవిడ గొంతు పెంచలేదు. “రేపు పెర్సిస్‌తో పాటు హాస్పిటల్‌కి వెళ్తున్నాను. అడిగింది నేనేనని పెద్ద డాక్టరుగారితో చెప్పి, ఈ పెట్టెలోవన్నీ ఎర్ర సంచిలో వేయించి వస్తాను. ఆదివారం చర్చిలో లేచి, ఎవరింట్లో నా చేప ఉందో తెచ్చిమ్మని అడుగుతాను. ఈ ఏడు నాకు బల్ల వద్దు.”

ప్రీతి ఎంగిలి చెయ్యి కడుక్కుని వెళ్ళి, స్కూలు బ్యాగు జిప్పుకి కట్టుకున్న చిన్న చేపని విప్పుకొచ్చింది.

“ఎన్నింటికి బయల్దేరాలమ్మా?” అంది సువార్తమ్మ కోడలితో.

“ఏడున్నరకండి అత్తయ్యా,” అంది పెర్సిస్.