పార్టీలు కలిసిన రాఖీ పున్నమి

రాఖీ పున్నమి పొద్దున పోశన్న తలస్నానం చేసి, కొత్త పార్టీ కండువా వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. అక్క భీమవ్వ వస్తుందని ఎదురుచూపు. రెండు వాడల అవతలే ఆమె అత్తగారిల్లు.

ఆమె ఈ గడప తొక్కక చాలా ఏళ్లయింది. తప్పు ఆమెది కాదు. సర్పంచ్ ఎన్నికల్లో ఆమె మొగుడు చంద్రయ్య అవతలి పార్టీకి తిరిగాడని, ఆ ఏడు రాఖీ పళ్లెంతో వచ్చిన అక్కను పోశన్న గడప బయటే నిలబెట్టాడు. "మీ పార్టోళ్ల రాఖీ నా చేతికొద్దు" అన్నాడు. మా ఊళ్లో ఇదేం వింత కాదు. ఒక పార్టీ వాళ్ల పెళ్లికి ఇంకో పార్టీ వాళ్లు పోరు, చావుకు పోయినా దూరంగా నిలబడతారు. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ మీద అన్ని పార్టీలూ తెరిపిస్తామని ఒకటే మాట చెప్పాయి. మేము మాత్రం ఒకరి మొఖం ఒకరు చూడటం మానేశాం.

పోశన్న ఇదంతా తమ పార్టీ లీడరు, బోధన్ సతీష్‌బాబు కోసం చేశాడు. ఆ సారేమో ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. మొన్న హైదరాబాద్ పోయి చంద్రయ్య పార్టీలోనే కండువా కప్పుకున్నాడు. పోశన్న ఆ పూట అన్నం ముట్టలేదు. తర్వాత సారు వెనకే తనూ ఆ పార్టీలో చేరి, ఇక అక్క వస్తుంది కదా అని సంబరపడ్డాడు. పిచ్చి మనిషి.

మధ్యాహ్నమైనా ఆమె రాలేదు. ఆడబిడ్డే అన్నదమ్ముల ఇంటికి రావడం మా దగ్గర ఆనవాయితీ. అది పక్కన పెట్టి తనే పోయాడు. భీమవ్వ పీట వేసింది, బువ్వ పెట్టింది. రాఖీ పళ్లెం మాత్రం తేలేదు.

"రాఖీ కట్టవా అక్కా? ఇగ మనది ఒక్కటే పార్టీ గద."

"మీ సారు ఇటు రాకుంటే, ఈయాల నువ్వు వచ్చేటోనివా తమ్మీ?"

వచ్చేటోణ్ణి అందామనుకున్నాడు పోశన్న. కానీ అక్క ముందర అబద్ధం ఆడలేకపోయాడు, ఆ మాత్రం మంచి ఇంకా మిగిలింది ఆయనలో.

"నాకు తెల్సు," అంది భీమవ్వ. గొంతులో కోపం లేదు, ఆయనకు అందుకే భయమేసింది. "గాయన రేపు ఇంకో దిక్కు పోతే మల్ల నన్ను గడప బయట నిలవెడ్తవ్. గా దినం ఏడ్సుకుంట ఇంటికొచ్చిన. ఇంకోపారి ఏడ్వ నాకు శాతగాదు. తిని పో."

తిని లేచాడు. వాకిట్లోకి రాగానే ఫోన్ మోగింది. నిజామాబాద్‌లో సారుకు సన్మానమట, జీపు వస్తోంది, చౌరస్తా కాడ ఉండమన్నారు. పోశన్న ఒట్టి మణికట్టుతో చౌరస్తాకు నడిచాడు. పోక ఏం చేస్తాడు, రమ్మని పిలిచేవాళ్లు ఆయనకు ఇంకెవరూ లేరు.