అట్టై ఇరుక్కు

ఆరేళ్లుగా విరుదునగర్ అచ్చాఫీసులో సుధాలక్ష్మి టపాసుల పెట్టెల మీద సింహపుతోక కోతి బొమ్మ గీస్తోంది. ఆ కోతిని కళ్లారా చూసింది మాత్రం లేదు. దాన్ని చూసొద్దామని నెలన్నర అడగ్గా అడగ్గా ఒక్కరోజు సెలవు దొరికింది.

అందులో మూడు గంటలు మొగుడు ఇసక్కిరాజాయే తినేశాడు. కోవిల్పట్టిలో అన్న ఇంట్లో కాఫీ అన్నాడు, ఇడ్లీల దాకా పోయింది. తర్వాత జామకాయల కోసం కారు ఆపించాడు.

కొండమీద అడవి గేటు దగ్గర గార్డు సోలైమలై వాచీ చూసుకున్నాడు. మూడింటికి వెనక్కి తిరగాల్సిందే, మంచు ముసిరితే దారి కనపడదన్నాడు. తర్వాత వాళ్ల కాళ్లవంక చూశాడు.

"అట్టై ఇరుక్కు, ఉప్పు కొండువాంగన్ను ఫోన్ల సొన్నేనే?" ఉప్పు తెమ్మని ఫోన్లోనే చెప్పానే అంటున్నాడు.

ఆ ఫోన్ ఎత్తిన ఇసక్కిరాజా దర్జాగా చంకలోని కట్ట విప్పాడు. తాయిల్పట్టిలో తను పనిచేసే పెట్టెల కంపెనీ నుంచి తెచ్చిన నాలుగు అట్టలు!

సుధాలక్ష్మి నుదురు కొట్టుకుంది. తమిళంలో అట్టై అంటే అట్టా అవుతుంది, జలగా అవుతుంది. ఉప్పు జలగని వదిలించడానికి. నల్లరేగడి ఎండలో పెరిగినవాడు జలగని ఎప్పుడు చూశాడు గనక?

"తడిలో కూచునేదానికి అనుకొంటినే."

"ఉప్పేది మామా?"

"జామకాయలకి అయిపాయె."

"అంతానా?"

"నువ్వూ తింటివి కదే!"

అడవిలో మంచు తెరలు తెరలుగా వచ్చి పోతోంది. పది అడుగులకోసారి ఇసక్కిరాజా ప్యాంటు ఎత్తి చూసుకోవడం, "ఇదో! ఇదో!" అని గంతులేయడం. ఆ గోలకి పిట్ట కూడా నిలవలేదు. మూడుకి ఇంకా అయిదు నిమిషాలు.

గార్డు చటుక్కున చెయ్యెత్తాడు.

పైన కొమ్మ వంగింది. బూడిదరంగు జూలు మధ్య నల్లటి మొహం. అదే!

సరిగ్గా అప్పుడే ఇసక్కిరాజా మోకాలి వెనక తడుముకుని నోరు పెద్దగా తెరిచాడు. కేక బయటపడేలోపు సుధాలక్ష్మి అరచేత్తో ఆ నోరు మూసేసింది.

"కూస్తివా, చూడు!" చెవిలో బుసకొట్టింది. "తాగనీ దాన్ని. నీ నెత్తురేం తక్కువా?"

కోతి తీరిగ్గా కాయ కొరికింది. కుచ్చుతోక తాడులా తిన్నగా వేలాడుతోంది. కూర్చున్న కోతికి తను తోక పైకి మెలితిప్పి గీస్తూ వచ్చింది. ఆరేళ్ల పెట్టెలన్నీ తప్పే!

రెప్పవేయకుండా చూసింది. మంచు వచ్చి కొమ్మని కప్పేసింది. అప్పుడు చెయ్యి తీసింది.

"పాయెనా?" ఏడుపు గొంతుతో అడిగాడు ఇసక్కిరాజా.

"పాయె."

"అబ్బ, బతికితి!"

"పాయింది కోతి, మామా. అట్టై ఇంకా ఆడనే ఉండాది."